గాలం కబుర్లు: లోతు సరస్సులో ట్రౌట్, సాల్మన్ ట్రోలింగ్ గురించి మీరడిగినవి

పోయిన సంచికలో నేను అమెరికాలో న్యూయార్క్ స్టేట్‌లోని రోచెస్టర్‌లో ఉన్న రోజుల గురించి, అక్కడ లేక్ అంటారియోలో మొదటి కింగ్ సాల్మన్ పట్టిన పొద్దు గురించి రాశాను కదా, దానికి వచ్చినన్ని ఉత్తరాలు ఈ కాలమ్‌కి ఇంతకుముందు ఎప్పుడూ రాలేదు. ఎక్కువమంది పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళబోతున్న అమ్మానాన్నలు, తర్వాత అక్కడున్న కుర్రాళ్ళ అన్నదమ్ములు, ఇంకా మన సాగర్ గాలం బ్యాచ్. ఒకేలాంటి ప్రశ్నలు కలిపేశాను, పేర్లు వేయట్లేదు, ఏరియా మాత్రం వేస్తున్నా.

మా అబ్బాయి బఫెలోలో ఉద్యోగం చేస్తున్నాడు, ఆగస్టులో మేమిద్దరం వెళ్తున్నాం. "నాన్నా నిన్ను ట్రోలింగ్‌కి తీసుకెళ్తా" అంటున్నాడు. నాకు తెలిసిన ట్రోలింగ్ ఫేస్‌బుక్‌లో జనాన్ని ఆడిపోసుకోవడమే. వైజాగ్‌లో పెద్ద బోట్లు వలలు లాగుతాయే, అదా ఇది? – రిటైర్డ్ టీచర్, నల్లకుంట

మాస్టారూ, రెండూ కాదండి. వైజాగ్ బోట్లది ట్రాలింగ్, సంచి లాంటి వలని లాక్కుంటూ పోయి దారిలో ఏది పడితే అది ఎత్తేస్తారు. ఇది ట్రోలింగ్, గాలంతోనే, కాకపోతే ఒడ్డున కూర్చుని బెండు వంక చూస్తూ ఉండటం కాదు, బోట్ మెల్లగా నడుస్తూ ఉంటే వెనకాల నాలుగైదు లైన్లకి కట్టిన లూర్లు, అంటే ఉత్తుత్తి ఎరలు, ఒక్కోటి ఒక్కో లోతులో చిన్న చేపల్లాగా ఈదుకుంటూ వస్తాయి. మెల్లగా అంటే గంటకి రెండు, రెండున్నర మైళ్ళు, మీరు పొద్దున వాకింగ్ చేసే స్పీడ్ కన్నా తక్కువే. ఫేస్‌బుక్ ట్రోలింగ్ అనే మాట కూడా ఇక్కణ్ణుంచే పోయిందంటారు, ఎర లాగుతూ పోయి ఎవరు కొరుకుతారా అని చూడటం.

ఎందుకు లాగాలి అంటే ఆ సరస్సు అంత పెద్దది కాబట్టి. లేక్ అంటారియో పొడవు 310 కిలోమీటర్ల పైన, బాగా లోతున్న చోట 244 మీటర్లు, మన చార్మినార్లు నాలుగు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినా పైన నీళ్ళు మిగులుతాయి. అందులో చేప ఎక్కడుందో ఎవరికి తెలుసు, అది మన దగ్గరికి రాదు, మనమే వెతుక్కుంటూ పోవాలి. ఆగస్టు మంచి టైమ్ అండి, నెలాఖరుకి కింగ్ సాల్మన్లు బాగా బలిసి నదులు కలిసే చోట్ల వైపు జరుగుతూ ఉంటాయి. ఒక్క మాట, న్యూయార్క్ స్టేట్‌లో 16 ఏళ్ళు నిండిన ప్రతి ఒక్కరికీ ఫిషింగ్ లైసెన్స్ ఉండాలి, చార్టర్ బోట్ (కెప్టెన్‌తో సహా అద్దెకి తీసుకునేది) ఎక్కినా ఉండాలి, చూడ్డానికి వచ్చినవాళ్ళకి ఒక రోజుది, ఏడు రోజులది దొరుకుతుంది. అబ్బాయికి ఉంది కదా అని మీరు రాడ్ పట్టుకోకండి.

మాది రాజోలు దగ్గర. సాల్మన్ సముద్రపు చేప అని చదివాను, మంచినీళ్ళ సరస్సులో ఎలా బతుకుతోంది? మన పులస లాగానా? – కూకట్‌పల్లి

పులస పేరెత్తారు, సంతోషం, దీనికి మనవైపు అంతకన్నా దగ్గరి పోలిక లేదు. సముద్రంలో ఇలస వరదనీటికి ఎదురీది గోదాట్లోకొచ్చి పులస అయినట్టే సాల్మన్ కూడా ఉప్పునీళ్ళల్లో పెరిగి గుడ్లు పెట్టడానికి నదిలోకి వస్తుంది. కానీ లేక్ అంటారియో, దానికి పైనున్న ఎరీ, మిచిగన్ లాంటి ఆ పెద్ద సరస్సుల్లో ఉన్న కింగ్, కోహో సాల్మన్లు పుట్టి బుద్ధెరిగి సముద్రం చూసినవి కావు, సరస్సునే సముద్రం అనుకుని బతికేస్తున్నాయి.

వాటిని తెచ్చి వేసింది మనుషులే. లేక్ అంటారియోకి, పై సరస్సులకి మధ్య నయాగరా జలపాతం ఒక్కటే దారిగా ఉన్నన్నాళ్ళూ సముద్రం వైపు నుంచి పై సరస్సుల్లోకి ఏ జీవీ ఎక్కలేకపోయేది, దాన్ని తప్పించుకుంటూ ఓడల కోసం వెల్లండ్ కాలువ తవ్వాక సీ లాంప్రే అని జలగలాగా చేపకి అతుక్కుని రక్తం పీల్చే పాములాంటి జీవి పైకి పాకింది, 1921లో లేక్ ఎరీలో కనపడింది, తర్వాత 1950ల నాటికల్లా పై సరస్సుల్లో లేక్ ట్రౌట్‌ని దాదాపు ఊడ్చేసింది. పెద్ద చేప పోయేసరికి ఎలవైఫ్ అనే చిన్న చేప, అదీ సముద్రం నుంచి వచ్చిందే, తినేవాడు లేక విపరీతంగా పెరిగిపోయి 1967లో లేక్ మిచిగన్ ఒడ్డున గుట్టలు గుట్టలుగా చచ్చిపడింది. అప్పటికే మిచిగన్ రాష్ట్రంలో ఫిషరీస్ చూసే హోవర్డ్ టానర్ ఒరెగాన్ నుంచి కోహో గుడ్లు తెప్పించి పిల్లల్ని పెంచి 1966లో వదిలాడు, మరుసటేడు కింగ్‌ని కూడా వదిలారు. ఎలవైఫ్ తిని అవి ఎంత తొందరగా పెరిగాయంటే చేపలు పట్టే జనం ఒడ్డుకి క్యూ కట్టారు. లేక్ అంటారియోలో కూడా ఆ దశాబ్దం చివర్లోనే వేయడం మొదలైంది. మూడు నాలుగేళ్ళకి అవి తాము మొదట వదిలిన వాగునీళ్ళ వాసన పట్టుకుని వెనక్కొస్తాయి, గుడ్లు పెట్టి చచ్చిపోతాయి.

ఇందులో నన్ను బాధపెట్టే సంగతి ఇంకొకటుంది. లేక్ అంటారియోకి తన సొంత సాల్మన్ ఉండేది, అట్లాంటిక్ సాల్మన్, నదులకి అడ్డంగా ఆనకట్టలు కట్టి, అడవులు నరికేసి 1900 వచ్చేసరికి దాన్ని లేకుండా చేశారు, ఇప్పుడు మళ్ళీ హేచరీల్లో పెంచి వదులుతున్నారు. ధవళేశ్వరం దగ్గర ఆగిపోయే పులసని చూసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

మా తమ్ముడు, వాడి ఫ్రెండ్స్ కలిసి రోచెస్టర్‌లో సెకండ్ హ్యాండ్ బోట్ కొన్నారు, డౌన్‌రిగ్గర్లు కూడా ఉన్నాయి. జూలైలో నాలుగు వీకెండ్లు వెళ్ళారు, ఒక్క చేప పడలేదు. ప్రతిసారీ కొత్త లూర్లు కొంటున్నారు. అసలు ఏ రంగు కొనాలి? – కొండాపూర్

ముందు లూర్లు కొనడం ఆపమనండి. వాళ్ళ దగ్గరున్న స్పూన్లు (చెంచా ఆకారంలో ఉండే రేకు లూర్లు) చాలు, నాకు నమ్మకం ఉంది, వాళ్ళకి లేనిది లోతులో నీళ్ళ చల్లదనం ఎంతో చెప్పే థర్మామీటర్.

ఇది నేను పుస్తకం చూసి చెప్పట్లేదు. నా మొదటి ఎండాకాలం ఐదు ట్రిప్పులు ఉత్త చేతులతో వచ్చాను, ప్రతిసారీ పచ్చ స్పూన్ తీసి వెండిది, వెండిది తీసి నీలం. ఐదోసారి బోట్ కడుతుంటే పక్క బోట్ పెద్దాయన, ముప్ఫై ఏళ్ళుగా చార్టర్ నడుపుతున్నాడట, "కింద యాభై రెండు ఎక్కడుంది ఇవాళ?" అని అడిగాడు. నాకు ప్రశ్నే అర్థం కాలేదు. ఆయన అడిగింది 52 డిగ్రీల ఫారెన్‌హీట్ నీళ్ళు ఎన్ని అడుగుల కింద ఉన్నాయి అని. ఆ రోజు నుంచి నేను ముందు నీళ్ళు వెతుకుతాను, ఆ తర్వాతే చేపని.

విషయం ఏంటంటే, నీళ్ళు 4 డిగ్రీల సెంటీగ్రేడ్ దగ్గర అన్నిటికన్నా బరువు, అందుకని లోతు సరస్సులో అడుగున ఎండాకాలంలో కూడా దాదాపు అదే చల్లదనం ఉంటుంది. పైన ఎండకి వేడెక్కిన నీళ్ళు తేలిగ్గా ఉండి పైనే తేలుతూ ఉంటాయి, జూలైలో 70 ఫారెన్‌హీట్ దాటిపోతాయి. ఈ రెంటికీ మధ్య కొద్ది అడుగుల్లోనే టక్కున చల్లబడిపోయే పొర ఒకటుంటుంది, దాన్నే థర్మోక్లైన్ అంటారు. ఇప్పుడు చేపల సంగతి, కింగ్ సాల్మన్‌కి 50 నుంచి 54 అంటే మన లెక్కలో 10-12 సెంటీగ్రేడ్ ఇష్టం, లేక్ ట్రౌట్‌కి ఇంకాస్త చల్లగా కావాలి, చాలాసార్లు నేలకి ఆనుకుని ఉంటుంది, బ్రౌన్ ట్రౌట్ 55 నుంచి 65 దాకా తట్టుకుంటుంది కాబట్టి పైన, ఒడ్డుకి దగ్గరగా దొరుకుతుంది, స్టీల్‌హెడ్, అంటే రెయిన్‌బో ట్రౌట్‌లోనే ఒక రకం, ఐతే ఒడ్డుకి దూరంగా పోయినా పై నీళ్ళల్లోనే తిరుగుతుంది. ఒక అపార్ట్‌మెంట్‌లో ఫ్లోర్‌కి ఒక ఫ్యామిలీ ఉన్నట్టు అనుకోండి. మీ తమ్ముడు వాళ్ళు మూడో ఫ్లోర్ వాళ్ళకోసం వచ్చి టెర్రస్ మీద తలుపు కొడుతున్నారు.

పైగా ఆ ఫ్లోర్లు ఉన్నచోట ఉండవు, గాలి మార్చేస్తుంది. రోచెస్టర్ సరస్సుకి దక్షిణం ఒడ్డున ఉంది, రెండు మూడు రోజులు తూర్పు గాలి వీస్తే భూమి తిరగడం వల్ల పైన వెచ్చటి నీళ్ళు కుడివైపుకి అంటే ఉత్తరానికి జరిగిపోయి, వాటి జాగాలోకి కింది చల్లనీళ్ళు ఒడ్డు దగ్గరే పైకొస్తాయి, నిన్న 90 అడుగుల్లో ఉన్న 52 ఇవాళ 30లో ఉంటుంది. పడమర గాలి వీస్తే దీనికి పూర్తి తలకిందులు, వెచ్చటి నీళ్ళు ఒడ్డుకి చేరి పోగుపడి చల్లనీళ్ళు కిందకి దిగిపోతాయి. అందుకే శనివారం వెళ్ళాలంటే గురువారం నుంచి గాలి ఎటుందో చూసుకోవాలి. పోయిన వారం దొరికిన చోటికే ఈ వారం కళ్ళు మూసుకుని పోవడం కన్నా పెద్ద పొరపాటు ఇందులో లేదు, నేను చాలాసార్లు చేశాను.

సరే, 52 ఎనభై అడుగుల్లో ఉందని తెలిసింది, లూర్‌ని అక్కడికి దించేదే డౌన్‌రిగ్గర్, స్టీల్ కేబుల్‌కి 8 నుంచి 12 పౌండ్ల గుండు, ఆ గుండు దగ్గర క్లిప్, క్లిప్‌లో మన లైన్ ఇరికిస్తాం, చేప కొట్టగానే లైన్ క్లిప్ నుంచి ఊడొస్తుంది, అప్పుడు మన చేతిలో రాడ్, అటు చేప, మధ్యలో బరువేమీ ఉండదు. ఇక్కడ కొత్తవాళ్ళు మోసపోయేది కేబుల్ ఎన్ని అడుగులు వదిలామో చూపించే కౌంటర్ దగ్గర. బోట్ కదులుతుంటే కేబుల్ నిటారుగా ఉండదు, వెనక్కి వాలుతుంది, కౌంటర్ 100 చూపిస్తున్నా గుండు అంతకన్నా పైనే ఉంటుంది, గుండు తేలికైన కొద్దీ ఇంకా పైకి. వాళ్ళ దగ్గర తేలిక గుండ్లుంటే మార్చమనండి, ఆ డబ్బు దండగ కాదు.

స్పీడ్ కూడా అంతే, జీపీఎస్ చూపించేది బోట్ స్పీడ్, లోతులో నీటి ప్రవాహం ఇంకో దిక్కున ఉండొచ్చు, పైన 2.3 మైళ్ళు అని మీరనుకుంటుంటే కింద లూర్ నిలబడిపోయి ఉండొచ్చు, లేదా పిచ్చిగా గిరగిరా తిరుగుతూ ఉండొచ్చు. గుండు దగ్గరే చల్లదనం, స్పీడ్ రెండూ కొలిచి పైకి చెప్పే ప్రోబ్‌లు ఉన్నాయి, కాస్త ఖరీదు, కానీ నలుగురు కలిసి కొన్నారు కదా బోట్, ఇది కూడా కలిసి కొనుక్కోవచ్చు. అది వచ్చేలోపు ఒక పని చెప్పండి, తిన్నగా గీత గీసినట్టు నడపకుండా ఎస్ ఆకారంలో తిప్పుతూ పోమనండి, మలుపులో బయటివైపు లూర్లు స్పీడ్ అందుకుంటాయి, లోపలివైపువి నెమ్మదించి కిందకి దిగుతాయి, బయటి రాడ్‌కి పడితే స్పీడ్ పెంచాలని, లోపలి దానికి పడితే తగ్గించాలని చేపే చెప్పినట్టు. లేక్ ట్రౌట్ కోసమైతే ఎలాగూ తగ్గించాలి, 2 మైళ్ళ లోపే.

మరి రంగు అడిగారు కాబట్టి చెప్తాను. నీళ్ళల్లో ముందు ఎరుపు మాయమౌతుంది, లోతుకి పోయిన కొద్దీ పచ్చ, నీలం మిగులుతాయి. తెల్లారకముందు ఐతే లైట్ చూపిస్తే వెలిగే గ్లో స్పూన్, ఎండొచ్చాక వెండి మెరుపు మీద పచ్చో నీలమో. నాకు దీనికన్నా పెద్ద రహస్యం ఏదీ కనపడలేదు.

డౌన్‌రిగ్గర్లు పెట్టుకునే స్తోమత మా వాడికి లేదు, చిన్న బోట్, రెంట్‌ది. దించడానికి ఇంకో దారి ఉందా? – అల్వాల్

ఉంది. లెడ్‌కోర్ లైన్ అని లోపల సీసం తీగ ఉండే లైన్, ప్రతి పది గజాలకీ రంగు మారుతుంది, సుమారు 2 మైళ్ళ స్పీడ్‌లో ఒక్కో రంగుకి ఐదడుగుల దాకా దిగుతుందని లెక్క వేసుకోవచ్చు, ఐదు రంగులు వదిలితే పాతిక అడుగులు. ఇంకోటి డిప్సీ డైవర్, గుండ్రటి ప్లాస్టిక్ చక్రం, నీటి ఒత్తిడికి తనే కిందకి, పక్కకి కూడా దిగుతుంది, కొట్టగానే పట్టు వదిలేస్తుంది. ఇవేవీ వద్దనుకుంటే ఏప్రిల్, మేలో వెళ్ళమనండి, అప్పుడు సరస్సు అంతా చల్లగానే ఉంటుంది కాబట్టి చేపలు కాస్త వెచ్చగా ఉన్న ఒడ్డు నీళ్ళకోసం పది పదిహేను అడుగుల్లోకే వస్తాయి, బ్రౌన్ ట్రౌట్‌కి అదే సీజన్, మామూలు రాడ్ చాలు. కానీ ఆ నెలల చలి గురించి కింద ఇంకో అమ్మకి రాసింది తప్పకుండా చదవండి.

అన్నా, మేం నలుగురం ఉప్పల్ నుంచి నాగార్జునసాగర్ పోతుంటం గాలాలు పట్టుకొని. సాగర్ సుత మస్తు లోతుంటది గదా, గీ ట్రోలింగ్ జేస్తె ట్రౌట్ గాకున్నా పెద్ద బొచ్చె పడ్తదా? – ఉప్పల్

తమ్ముడూ, లోతు ఒక్కటే చాలదు. ట్రౌట్‌కి చల్లదనంతో పాటు ఆ చల్లనీళ్ళల్లో ఆక్సిజన్ కావాలి, 25 సెంటీగ్రేడ్ దాటితే రెయిన్‌బో ట్రౌట్ బతకడమే కష్టం, మన రిజర్వాయర్లలో పైనీళ్ళు ఎండాకాలం అంతకు మించే ఉంటాయి, అడుగున కొంచెం చల్లగున్నా అక్కడ గాలి తక్కువ. ఇంక బొచ్చె అంటావా, అది నీళ్ళల్లో తేలే సన్నటి నాచు, పురుగు వడగట్టుకుని తినే చేప, పారిపోయే చిన్న చేపని తరిమి కొట్టదు, రవ్వ కూడా అంతే, కాబట్టి స్పూన్ ఎంత లాగినా వాటికి పట్టదు, మీరు వేసే పిండి ఎరే కరెక్టు. తరిమి కొట్టేది వాలుగ, కొర్రమట్ట. కొర్రమట్ట లోతులో ఉండదు, తూటి మొక్కలు, గడ్డి ఉన్న ఒడ్డునుంటది, దానికి కప్పలాంటి లూర్ గడ్డి మీద నుంచి లాగాలె, బోట్ ఇంజిన్ చప్పుడుకి పారిపోతది. ఏ రిజర్వాయర్‌లో ఐనా ఫిషరీస్ డిపార్ట్‌మెంట్‌ని, అక్కడి మత్స్యకారుల సొసైటీని అడగకుండా దిగొద్దు, పిల్లల్ని వదిలి పెంచుకునేది వాళ్ళు, వాళ్ళ బతుకు అది. ట్రౌటే పట్టాలని మనసులో ఉంటే డబ్బులు పోగేసుకుని హిమాచల్‌లో తీర్థన్‌కో కాశ్మీర్‌లో లిద్దర్‌కో పోండి, అవి నదులు కాబట్టి అక్కడ ట్రోలింగ్ ఉండదు, పర్మిట్ తీసుకుని ఒడ్డు నుంచే.

మా బాబు ఎంఎస్ చదువుతున్నాడు, ఏప్రిల్‌లో ఫ్రెండ్స్‌తో చిన్న బోట్‌లో వెళ్తానంటున్నాడు. బాగా ఎండగా ఉంటుంది, ఏం కాదు అంటాడు. ఈత వచ్చు. నాకే భయంగా ఉంది. – దిల్‌సుఖ్‌నగర్

అమ్మా, మీ భయం నిజమైన భయం. ఒడ్డున 25 డిగ్రీల ఎండ కాస్తున్నా ఏప్రిల్‌లో ఆ సరస్సు నీళ్ళు 5 డిగ్రీల దగ్గరే ఉంటాయి, ఫ్రిజ్‌లో బాటిల్ నీళ్ళంత. అందులో పడితే మొదటి నిమిషం మనకి తెలియకుండానే గబగబా ఊపిరి పీల్చేస్తాం, తల నీళ్ళల్లో ఉన్నప్పుడు ఆ ఊపిరే ముంచేస్తుంది, తర్వాత పది నిమిషాల్లో చేతులు మొద్దుబారి తాడు కూడా పట్టుకోలేరు. ఈత రావడం దీనికి మందు కాదు, ఒంటి మీద ఉన్న లైఫ్ జాకెట్ మాత్రమే మందు. సీటు కింద పెట్టింది లెక్కలోకి రాదు. న్యూయార్క్‌లో నవంబర్ 1 నుంచి మే 1 దాకా 21 అడుగుల లోపు బోట్‌లో అందరూ వేసుకుని తీరాలని చట్టమే ఉంది, అది ఊరికే పెట్టలేదు. ప్రతి ఎండాకాలం అక్కడి సరస్సుల్లో మన పిల్లలు మునిగిపోయిన వార్త చదివినప్పుడల్లా నాకు అన్నం సహించదు. బాబుని వెళ్ళొద్దనకండి, చెప్పకుండా వెళ్తాడు. మొదటి రెండుసార్లు డబ్బులు పోయినా లైసెన్స్ ఉన్న చార్టర్ కెప్టెన్‌తో వెళ్ళమనండి, గాలి గంటకి 15 మైళ్ళు దాటితే ఆ రోజు వద్దనమనండి, జాకెట్ వేసుకున్న ఫోటో మీకు పంపితేనే బోట్ కదలాలని షరతు పెట్టండి. మా అమ్మ నాకు అదే పెట్టింది.

పట్టిన సాల్మన్‌తో మన చేపల పులుసు పెట్టొచ్చా? కోడలు కడుపుతో ఉంది, తనకి పెట్టొచ్చా? – మలక్‌పేట

రెండో ప్రశ్నకి ముందు జవాబు, కోడలికి వద్దమ్మా. ఆ సరస్సుల్లో పాత ఫ్యాక్టరీల నుంచి చేరిన పీసీబీ అనే రసాయనాలు, పాదరసం ఇంకా ఉన్నాయి, పెద్ద చేప చిన్న చేపల్ని తింటూ అవన్నీ ఒంట్లో పోగేసుకుంటుంది. ఏ సరస్సులో ఏ చేప నెలకి ఎన్నిసార్లు తినొచ్చో రాష్ట్ర ఆరోగ్య శాఖ ప్రతి ఏడూ పట్టీ వేస్తుంది, కడుపుతో ఉన్నవాళ్ళకి, చిన్నపిల్లలకి విడిగా రాస్తారు, అబ్బాయిని అది తీసి చదివి వినిపించమనండి.

మిగతావాళ్ళకి, పీసీబీ కొవ్వులో ఉంటుంది కాబట్టి తోలు తీసేసి, వీపు మీద, పొట్ట దగ్గర, పక్కన ముదురు రంగులో ఉండే కొవ్వు గీత కోసేసి, గ్రిల్ మీద కాలిస్తే ఇంకొంత కారిపోతుంది. పాదరసం కండలో ఉంటుంది, కోసినా పోదు, అందుకే తక్కువసార్లు తినడమే. మన పులుసుతో చిక్కేంటంటే కారిన కొవ్వంతా గిన్నెలోనే ఉంటుంది, మనం అన్నంలో కలుపుకునేది ఆ పులుసే కదా. కాబట్టి పెద్ద కింగ్‌తో పులుసు నేను పెట్టను, అల్లం వెల్లుల్లి, కారం, నిమ్మకాయ పట్టించి గ్రిల్ చేస్తాను. రెండు మూడు పౌండ్ల చిన్న కోహో దొరికిన రోజు మాత్రం కొవ్వు శుభ్రంగా తీసేసి, చింతపండు పులుసు ముందే బాగా మరగనిచ్చి, చివర్లో ముక్కలు వేసి ఏడెనిమిది నిమిషాల్లో దించేసేవాణ్ణి, సాల్మన్ మన రవ్వలాగా గట్టిది కాదు, ఎక్కువసేపు ఉడికితే విడిపోతుంది, గరిటె పెట్టకుండా గిన్నె పట్టుకుని తిప్పాలి.